తెల్ల పొణికి గురించి, కొండపల్లి బొమ్మ కొనేవాళ్లకి

విజయవాడలో కొండపల్లి బొమ్మ లేని ఇల్లు తక్కువ. రిటైరయ్యే ఆఫీసరుకి ఇచ్చే మెమెంటోల్లో, అమెరికా ప్రయాణమయ్యే పిల్లల సూట్‌కేసుల్లో, సంక్రాంతి కొలువు మెట్ల మీద, ఎక్కడో ఒక చోట అంబారీ ఏనుగో దశావతారాల సెట్టో కనబడుతుంది. కొనేటప్పుడు మనం అడిగేవి కూడా దాదాపు అవే ప్రశ్నలు. రంగు పోతుందా? పురుగు పడుతుందా? ఇంకొంచెం తగ్గిస్తారా? ఇది ఏ చెట్టు కర్ర అని అడిగినవాళ్లని నేను చాలా అరుదుగా చూశాను. అడిగి చూడండి, అమ్మే మనిషి మొహమే మారిపోతుంది. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.

ఆ చెట్టు పేరు తెల్ల పొణికి. ఈ పోస్టంతా దాని గురించే. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

నేను గొల్లపూడి అవతల ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల్లో బొమ్మలు చేసే ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు. తొమ్మిదో తరగతికి వృక్ష కణజాలాల పాఠం జరుగుతున్నప్పుడు, దారువు అంటే మనం కలప అని పిలిచేదే అని చెప్తే, ఒక అమ్మాయి మర్నాడు ఇంటి నుంచి ఒక చెక్క ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అరచేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. గోరుతో నొక్కితే గాటు పడింది. తెల్లగా, ఎక్కడా ముడి లేకుండా, చారలు కూడా పెద్దగా కనిపించకుండా ఉంది. "ఇది మా తాత దాచుకున్న ముక్క మేడమ్, మళ్లీ తీసుకెళ్లాలి" అంది. చెక్క ముక్కని దాచుకోవడమేమిటి అనిపించింది. ఆ ప్రశ్న పట్టుకునే ఈ చెట్టు వెంట పడ్డాను.

దీని శాస్త్రీయ నామం గివోషియా మొలుక్కానా. పాత పుస్తకాల్లో గివోషియా రాట్లెరిఫార్మిస్ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే చెట్టు. ఆముదం, కర్రపెండలం, నేపాళం ఉన్న యూఫోర్బియేసీ కుటుంబంలోదే ఇది కూడా. దక్కన్ మీద, తూర్పు కనుమల్లో, తమిళనాడు కొండల్లో, శ్రీలంకలో ఎండగా రాతి నేలగా ఉండే ఆకురాల్చే అడవుల్లో పెరుగుతుంది. మన దగ్గర కొండపల్లి రిజర్వ్ ఫారెస్ట్ దీనికి పాత ఇల్లు. విజయవాడ పక్కనే, థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీలు కనిపించేంత దూరంలో, సుమారు 30,000 ఎకరాల అడవి ఉందన్న సంగతి మన ఊళ్లోవాళ్లకే చాలామందికి తెలియదు. కోట చూడటానికి వెళ్లి, ఫొటోలు తీసుకుని, వెనక కనిపించే కొండల్ని చూసి "ఏముంది అక్కడ, ముళ్లకంపే కదా" అనుకుని దిగి వస్తాం. మే నెలలో చూస్తే నిజంగా అలాగే ఉంటుంది. ఆకు లేని కొమ్మలు, కాలిన గడ్డి, వేడికి పొగలు కక్కే రాళ్లు. జులైలో ఒకసారి వెళ్లి చూడండి, ఇదే కొండా అనిపిస్తుంది.

తెల్ల పొణికిని గుర్తుపట్టడం వానాకాలంలో సులువు. మధ్యరకం ఎత్తు చెట్టు. మాను నునుపుగా, బూడిద రంగులో ఉంటుంది. ఆకులు పెద్దవి, వెడల్పువి, కాడ కలిసే చోట హృదయాకారంలో, అంచుల్లో మోటుగా నొక్కులతో, పొడుగాటి కాడలకి వేలాడుతుంటాయి. ఆకు పై భాగం ఆకుపచ్చ. కింది భాగం తిప్పి చూడాలి. తెల్లటి నూగు దట్టంగా పరుచుకుని ఉంటుంది. భూతద్దం పెడితే ఆ నూగులో ప్రతి వెంట్రుకా నక్షత్రంలా చీలి కనిపిస్తుంది. మా పిల్లలకి ఆకు కింది భాగం చూపించినప్పుడు వాళ్లు పెట్టిన కేకలు పక్క క్లాసుకి వినిపించాయి. గాలి వీస్తే ఆకులు తిరగబడి చెట్టంతా తెల్లగా మెరుస్తుంది. కొండ మీద దూరం నుంచి కూడా అలాగే పోల్చుకోవచ్చు.

అడవిలో దీనితో పొరబడే చెట్టు ఒకటుంది. తనుకు అంటారు, కొన్నిచోట్ల నల్ల పొణికి అని కూడా అంటారు. దాని శాస్త్రీయ నామం గైరోకార్పస్, వేరే కుటుంబం చెట్టు అది. దాని కర్ర కూడా తేలికే, దానితో కూడా బొమ్మలు చేసేవాళ్లున్నారు, పూర్వం తెప్పలు కట్టేవాళ్లు. తేడా కాయలో తెలుస్తుంది. తనుకు కాయకి రెండు పొడుగాటి రెక్కలుంటాయి, గిరగిరా తిరుగుతూ కింద పడుతుంది. తెల్ల పొణికి కాయకి రెక్కలుండవు. రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉండే గుండ్రటి కాయ, లోపల రాయిలాంటి పెంకు, అందులో నూనె ఉన్న ఒకే ఒక్క గింజ. ఈ "ఒకే ఒక్క" అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఇక ఆ కర్ర అంత తేలిగ్గా ఎందుకుందన్న సంగతి. నన్ను ఈ చెట్టుకి కట్టిపడేసింది ఇదే.

మన వైపు వాన దాదాపంతా జూన్ నుంచి నవంబరు లోపే పడిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు, ఏప్రిల్, మే నెలల్లో రాతి కొండల మీద నిలబడ్డ చెట్టు పరిస్థితి ఆలోచించండి. అక్కడ బతకాలంటే చెట్టుకి ఉపాయం ఉండాలి. ఆకులు రాల్చేయడం మొదటి ఉపాయం. ఆకు ఉంటే దాని రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది, అందుకని ఎండలు ముదిరేలోపే వదిలించుకుంటుంది. అక్కడిదాకా పదో తరగతి పిల్లలు కూడా చెప్తారు. ఆకు రాల్చాక చెట్లు రెండు దారుల్లో వెళ్తాయి. రోకళ్లు చేసే చండ్ర లాంటివి గట్టి, బరువైన కలపని కట్టుకుంటాయి. వాటి నాళాలు సన్నవి, గోడలు మందం, ఎంత ఎండినా తట్టుకుంటాయి. మెత్తటి కలప చెట్లది వేరే పద్ధతి. వాటి కాండంలో కణాలు పెద్దవి, గోడలు పలచన. వానాకాలంలో తాగిన నీళ్లని ఆ కణాల్లో దాచుకుంటాయి. నేల పూర్తిగా ఎండిపోయినా ఆ నిల్వ మీద బతుకుతూ, కొన్ని వాన రాకముందే చిగురు కూడా వేస్తాయి, పూస్తాయి. ఆకు ఒక్కటి లేకుండా ఒళ్లంతా పసుప్పచ్చ పూలతో నిలబడే కొండగోగు మీరు చూసే ఉంటారు. దాని కలప కూడా అలా మెత్తనిదే. తెల్ల పొణికి ఈ రెండో దారి చెట్టు.

అంటే కొట్టిన కర్రని ఆరబెట్టినప్పుడు బయటకి పోయేది ఆ నీరే. నీరు పోయాక మిగిలేది పలచటి గోడలూ, వాటి మధ్య గాలీ. మనం చేత్తో ఎత్తి "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అనే ఆ ఏనుగు బొమ్మ లోపల ఉన్నది కొండపల్లి వేసవిని దాటడానికి చెట్టు కట్టుకున్న ఖాళీ నీటి గదులు. ఈ మాట క్లాసులో చెప్పిన రోజు, చెక్క ముక్క తెచ్చిన అమ్మాయి లేచి, "అయితే మేడమ్, బాగా నీళ్లుండే చోట పెంచితే కర్ర ఇంత బాగా రాదా?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను, ఇంత మంచి ప్రశ్న అడిగిన పిల్లలు చాలా తక్కువ. దానికి జవాబు పెంచి చూస్తేనే తెలుస్తుందని చెప్పాను. ఇద్దరం ఇప్పుడు అదే పనిలో ఉన్నాం.

గివోషియా జాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి నాలుగే రకాలు. మనది ఒకటి. ఒకటి తూర్పు ఆఫ్రికాలో సోమాలియా, ఇథియోపియా, కెన్యా వైపు ఉంది. మిగతా రెండూ మడగాస్కర్ దీవిలో. అక్కడి నైరుతి తీరంలో వేజో అనే జాలరులు తమ పడవల్ని మన పొణికికి అక్కాచెల్లెళ్ల వరసయ్యే చెట్టు మానుని తొలిచి చేస్తారు. ఆ చెట్టుని వాళ్లు ఫరఫత్సే అంటారు. వాళ్ల పడవ తేలాలన్నా మన ఏనుగు తేలిగ్గా ఉండాలన్నా ఆ కలప గుణమే ఆధారం. ఎక్కడ మడగాస్కర్, ఎక్కడ కొండపల్లి! మన దగ్గర కూడా ఈ కర్రని తెప్పలకి, పెట్టెలకి వాడినట్టు పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లో రాసి ఉంది. గింజల నూనెని సున్నితమైన యంత్రాలకి కందెనగా వాడేవాళ్లని కూడా ఉంది. బెరడుని, గింజల్ని చర్మ రోగాలకి, కీళ్ల నొప్పులకి నాటు వైద్యంలో వాడతారు. సోరియాసిస్ మీద దీని బెరడు పనిచేస్తుందా అని ప్రయోగశాలల్లో చూసినవాళ్లూ ఉన్నారు. ఇది చదివి ఎవరూ బెరడు గీక్కుని రాసుకోవద్దని మనవి. చర్మానికి ఏదైనా ఉంటే డాక్టరు దగ్గరికే వెళ్లండి. బెరడు ఒలిస్తే చెట్టు కూడా దెబ్బ తింటుంది.

ఇక బొమ్మల సంగతికి వస్తాను. ఆ అమ్మాయి వాళ్ల తాతగారు బొమ్మల కాలనీలో ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నన్ను కూర్చోబెట్టి, మనవరాలి చదువు గురించి అడిగి, కాఫీ తెప్పించి, ఆ తర్వాతే కర్ర గురించి మాట్లాడారు. వాళ్లు ఆర్యక్షత్రియులు. పూర్వీకులు నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని, ముక్తఋషి తమ మూలపురుషుడని వాళ్ల ఇళ్లలో చెప్పుకుంటారు. అక్కడ ఉన్నప్పుడు ఏ కర్ర చెక్కేవాళ్లో ఆయనకి తెలియదు గానీ, "ఇక్కడికొచ్చాక మమ్మల్ని నిలబెట్టింది మాత్రం ఈ చెట్టే టీచరమ్మా" అన్నారు.

పచ్చి కర్రని వాళ్లు తొందరపడి ముట్టుకోరు. దుంగని బొమ్మకి కావలసిన పొడుగులో ముక్కలు చేసి ఆరబెడతారు. చెమ్మ ఇంకా ఉంటే సన్నటి సెగ మీద పెడతారు. మంట తగలకూడదు, వెచ్చదనమే తగలాలి. "పచ్చి కర్రతో చేసిన బొమ్మ నెల తిరక్కముందే నోరు తెరుస్తుంది" అని ఆయన మాట. సరిగ్గా ఆరని కర్రకి పురుగు కూడా పడుతుంది. ఈ కలపకి సొంతంగా పురుగుని తట్టుకునే శక్తి తక్కువ, టేకులో ఉన్నట్టు పురుగుని దూరం పెట్టే పదార్థాలు దానిలో అంతగా ఉండవు. అందుకే ఆరబెట్టడంలో శ్రద్ధ పెట్టనివాళ్ల బొమ్మ ఎక్కువ కాలం నిలవదు. కొనేటప్పుడు పురుగు పడుతుందా అని అడిగే బదులు కర్ర ఎంతకాలం ఆరబెట్టారని అడగడం మంచిది.

తర్వాత పని ఉలిది, ఆకురాయిది. బొమ్మని ఒకే దుంగలోంచి చెక్కరు. ఏనుగుకి ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, పైన అంబారీ వేరు. మావటివాడి చేతులు కూడా విడిగా చేసి అతికిస్తారు. అతకడానికి వాడేది మక్కు. చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో ఇదే చెట్టు రంపప్పొట్టు కలిపి ముద్ద చేస్తారు. అతికిన చోట ఆ ముద్దతోనే మెత్తి, ఆరాక ఆకురాయితో రుద్దితే అతుకు ఎక్కడుందో చేసినవాడికి కూడా కనపడదు. చెట్టులో కింద పడేది ఏదీ లేదు, పొట్టు కూడా బొమ్మలోకే వెళ్తుంది. ఆ పైన సున్నం పూత, దాని మీద రంగులు. రంగులద్దేది ఎక్కువగా ఆడవాళ్లే. నేను వెళ్లినప్పుడు తాతగారి కోడలు వరసగా కూర్చోబెట్టిన ఎడ్లకి కళ్లు పెడుతోంది. మేక వెంట్రుకల కుంచె, ఒక్కో కన్నుకి ఒక్కటే చుక్క. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం వణకలేదు.

వేరే మెత్తటి కర్రతో చేస్తే ఏమవుతుంది అని అడిగాను. చేయొచ్చు, చేస్తున్నవాళ్లున్నారు అన్నారు. కానీ కొన్ని కర్రలు ఉలి దిగగానే పొరలుగా లేచిపోతాయట, కొన్ని సన్నటి మేకు దిగితే చీలిపోతాయట, కొన్నిటి మీద సున్నం నిలవదట. పొణికి మాత్రం ఎటు నుంచి ఉలి పెట్టినా ఒకేలా తెగుతుంది. కృష్ణుడి వేలికొస దాకా సన్నగా చెక్కినా విరగదు. ఆ మాట అంటూ, అమ్మాయి స్కూలుకి తెచ్చిన ముక్కని అల్మారాలోంచి తీసి చూపించారు. కొండపల్లి కొండ మీదే పెరిగిన చెట్టుది అది. ఇప్పుడు కర్ర మైలవరం వైపు నుంచి, విస్సన్నపేట వైపు నుంచి, ఇంకా దూరం నుంచి వస్తోంది. వచ్చేదీ తక్కువే, ధరేమో పెరుగుతూ ఉంది. దాచుకోవడమేమిటన్న నా ప్రశ్నకి జవాబు దొరికింది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. పేపర్లలో, టీవీల్లో కొండపల్లి బొమ్మ మీద ఎప్పుడు కథనం వచ్చినా "అంతరించిపోతున్న కళ" అనే హెడ్డింగు పెడతారు. చదివిన మనం అయ్యో అనుకుంటాం. కళ ఆ చేతుల్లో చక్కగా ఉంది. కొనేవాళ్లున్నారు, ఆన్‌లైన్లో ఆర్డర్లొస్తున్నాయి. 2006-07లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కాబట్టి ఇంకో ఊళ్లో చేసి కొండపల్లి పేరుతో అమ్మకూడదు. పేరుకి రక్షణ ఉంది. ఆ పేరు నిలబడ్డ చెట్టుకి మాత్రం అలాంటిదేమీ లేదు. తగ్గిపోతున్నది చెట్టు. దాన్ని పెంచకుండా కళాకారులకి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా, ఎన్ని అవార్డులిచ్చినా వాళ్ల ఉలి కిందకి కర్ర రాదు.

చెట్టు ఎందుకు తగ్గిందంటే అందరూ ఠక్కున చెప్పే కారణం కొట్టేశారు కాబట్టి అని. నిజమే, తరాల తరబడి కొట్టారు. లావు మాను ఉన్న, కాయలు కాసే చెట్లే ముందు పోయాయి. అడవి అంచుల్లో కంకర కోసం, గ్రావెల్ కోసం కొండల్నే తవ్వేస్తే ఇక చెట్టుకి చోటేది? అది కూడా ఉంది. కానీ కొట్టిన చోట మళ్లీ ఎందుకు రావడం లేదన్నది అసలు ప్రశ్న, దానికి జవాబు వృక్షశాస్త్రంలో ఉంది.

తెల్ల పొణికిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. తాటిచెట్టుకి ఉన్నట్టే. కల్లు గీసేవాళ్లకి పోతుతాడు, పెంటితాడు అని చిన్నప్పటి నుంచీ తెలుసు గానీ, పొణికిలో ఈ తేడా ఉందని కొనేవాళ్లకే కాదు, నాటేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. పువ్వులు చిన్నవి, గుత్తులుగా వస్తాయి, దూరం నుంచి తేడా తెలియదు. కాయ కాసేది ఆడ చెట్టు ఒక్కటే, అదీ పుప్పొడి అందే దూరంలో మగ చెట్టు ఉంటేనే. అడవి పలచబడి, ఒక చెట్టు ఈ వాలులో ఇంకో చెట్టు ఆ వాలులో మిగిలిపోతే, రెండూ ఆరోగ్యంగా ఉన్నా పిల్లలు పుట్టవు. కాసినా కాయకి ఒకటే గింజ. ఆ గింజ చుట్టూ పెంకు ఎంత గట్టిదంటే నీళ్లు లోపలికి వెళ్లడానికే చాలా కాలం పడుతుంది. మొలకెత్తిన కొద్ది మొక్కలూ మొదటి వేసవిని దాటాలి. కొండ మీద గడ్డికి నిప్పంటుకుంటే పోతాయి, మేకల నోట పడితే పోతాయి.

దీని పక్కన అంకుడు చెట్టుని పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది కదా, లక్క బొమ్మల ఊరు. వాళ్లు వాడేది అంకుడు కర్ర, కర్ణాటకలో చన్నపట్న వాళ్లు వాడేది కూడా అదే. అంకుడు కూడా ఆకురాల్చే చెట్టే. కానీ దానికి జంట కాయలు కాస్తాయి, ఒక్కో కాయలో బోలెడు గింజలు, ప్రతి గింజకీ ఒక కుచ్చు, గాలికి ఎగిరి ఎక్కడెక్కడో పడతాయి. ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. కొమ్మ కొడితే మోడు నుంచి మళ్లీ చిగుళ్లు లేస్తాయి. కాబట్టి అక్కడ కర్ర వాడుతూనే చెట్టుని నిలబెట్టుకోవడం కుదురుతుంది. మన కొండపల్లి వాళ్లకి దొరికిన చెట్టు అంత తొందరగా పిల్లల్ని కనేది కాదు. అందుకే దానికి మనిషి సాయం ఎక్కువ కావాలి.

రిజర్వ్ ఫారెస్టులోకి వెళ్లి కాయలు ఏరుకురావడం తప్పు, పిల్లలకి ఆ మాట ముందే చెప్పాను. జి.కొండూరు వైపు ఒక రైతు పట్టా పొలం గట్టున కాయలు కాసే చెట్టుందని తాతగారే కబురు చేశారు. ఆ రైతుని అడిగితే, "ఇంత పనికిరాని చెట్టు గింజలు మీకెందుకమ్మా, కట్టెగా కూడా మండదు" అని ఆశ్చర్యపోయాడు. కాయలు ఏరుకోనిచ్చాడు. కొండపల్లి బొమ్మ దీనితోనే చేస్తారని చెబితే కాసేపు ఆ చెట్టు వైపే చూశాడు. పక్క ఊరి బొమ్మ, తన గట్టు మీది చెట్టు, ఆ రెంటికీ సంబంధం ఉందని ఆయనకెవరూ చెప్పలేదు.

పెంకు గట్టిగా ఉన్న గింజలకి వృక్షశాస్త్రంలో ఒక మామూలు పద్ధతి ఉంది. పెంకుని ఒక పక్క గీకి పలచన చేయాలి, లోపలి గింజకి తగలకూడదు. మేం ఆ పనికి బొమ్మలవాళ్ల ఆకురాయే వాడాం. గీకిన గింజల్ని రాత్రంతా నీళ్లలో ఉంచి, ఇసుక, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కవర్లలో పెట్టాం. కొన్నిటిని అలాగే, గీకకుండా పెట్టాం, పోల్చి చూడటానికి. గీకినవి ముందు లేచాయి. అన్నీ లేవలేదు, ఓపిక పట్టాల్సి వచ్చింది. ప్రయోగశాలల్లో గింజలోని పిండాన్ని బయటకి తీసి కణజాల వర్ధనంతో మొక్కలు తయారుచేసిన పరిశోధకులున్నారు. అది మా స్కూల్లో జరిగేది కాదు గానీ, ఫారెస్టు నర్సరీల దాకా ఆ పద్ధతి వస్తే చాలా మేలు. అప్పుడు కాయల కోసం చెట్టు చెట్టూ వెతుక్కోనక్కర్లేదు.

మా భవానీపురం ఇంటి డాబా మీద ఇప్పుడు ఆ మొక్కల్లో కొన్ని ఉన్నాయి. మొదటి ఏడాది నీళ్లు అడిగినట్టే పోశాను. అమ్మాయి ప్రశ్న గుర్తుండి, రెండు వరసలుగా పెట్టి, ఒక వరసకి నీళ్లు తగ్గించాం. తేడా చెప్పగలిగేది కర్ర లావెక్కాకే. అప్పటికి ఆమె డిగ్రీలో ఉంటుంది. ఫిబ్రవరిలో ఆకులు పసుపెక్కి రాలిపోతుంటే పక్కింటావిడ "మీ మొక్కలు చచ్చిపోతున్నాయండీ" అని కంగారుపడింది. చావలేదు, దాని పద్ధతే అది, జూన్‌లో చూడండి అని చెప్పాను. ఆకు రాలాక నీళ్లు బాగా తగ్గించాలి. ఆకు లేని మొక్కకి జాలిపడి రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. పొణికి పెంచాలనుకునేవాళ్లు ఈ ఒక్కటీ తప్పకుండా గుర్తుంచుకోవాలి.

ఎక్కడ నాటాలంటే, రోడ్డు పక్కన వద్దు. కొమ్మ మెత్తన, తుపాను గాలికి నిలవదు, నీడ కూడా మనకి బాగా అవసరమైన ఎండాకాలంలోనే ఉండదు. దీనికి సరైన చోటు రాతి నేల, నీరు నిలవని వాలు, మెట్ట పొలం గట్టు. మైలవరం, జి.కొండూరు, ఎ.కొండూరు, నూజివీడు వైపు మెట్ట భూములున్న రైతులకి ఇలాంటి గట్లు కావలసినన్ని ఉన్నాయి. ఒకటీ రెండూ కాకుండా గుంపుగా నాటాలి. పూసేదాకా ఏది మగో ఏది ఆడో తెలియదు కాబట్టి, గుంపుగా ఉంటేనే రెండూ పక్కపక్కన పడతాయి. అప్పుడు ఆ గుంపు దాని కాయలు అది కాసుకుంటుంది.

రైతు వైపు నుంచి ఒక న్యాయమైన భయం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద చాలా చెట్లకి అనుమతి తెచ్చుకోవాలి. సుబాబుల్, సరుగుడు వేస్తే కొనేవాళ్లు పొలం దగ్గరికే వస్తారు. పొణికి వేస్తే ఎవరు కొంటారు, ఎవరు అనుమతి ఇస్తారు, ఎన్నేళ్లు ఆగాలి? నాటమని చెప్పే ముందు దీనికి జవాబు ఉండాలి. నాకు తోచిందేమిటంటే, బొమ్మలవాళ్ల సంఘం, రైతు, అటవీ శాఖ ముగ్గురూ నాటే రోజే ఒక కాగితం మీదకి రావాలి. ఈ గట్టు మీది చెట్టు బొమ్మలకే పోతుంది, ఇంత ధర, ఇలా అనుమతి అని. తాతగారితో ఈ మాట అంటే ఆయన, "మాకు చెట్టు మొత్తం అక్కర్లేదమ్మా, ఏడాదికి ఒక కొమ్మ ఇచ్చినా చిన్న బొమ్మలకి సరిపోతుంది" అన్నారు. కొమ్మతోనే చిన్న సైజు బొమ్మలు చేయడం ఆయనకి కొత్త కాదు.

ఈ వానల్లో మా మొక్కల్లో కొన్ని స్కూలు వెనక గోడ పక్కన, మిగతావి గింజలిచ్చిన ఆ రైతు గట్టు మీదే పెడుతున్నాం. ఆయనే అడిగాడు. అక్కడ ఇప్పటికే కాయలు కాసే ఆడ చెట్టు ఉంది, మగ చెట్టు దగ్గరలోనే ఎక్కడో ఉండి ఉండాలి. ఇంతవరకూ మాకు కనబడలేదు. ఈ వేసవి చివర్లో పూత సమయానికి పిల్లలు, నేను ఆ చుట్టుపక్కల పొలాల్లో వెతుకుతాం. మీరు మైలవరం, విస్సన్నపేట, నూజివీడు వైపు వాళ్లయితే, ఆకు కింద తెల్లటి నూగున్న పెద్ద ఆకుల చెట్టు ఎక్కడైనా చూస్తే, అది పూస్తుందా కాస్తుందా అని ఒక కంట కనిపెట్టండి. పూసి కూడా కాయకపోతే దాన్ని పనికిరానిదని కొట్టనివ్వకండి. అది మగ చెట్టు అయి ఉండొచ్చు, పక్క ఊళ్లో ఆడ చెట్టు దాని కోసమే ఉండి ఉంటుంది.